జాజి నమిలిన జిల్లేడాకులు

చిట్టిగుట్ట మీద ఓ మేకల మంద ఉండేది. దానికి కాపరీ లేడు, కర్రా లేదు. చుట్టూ ముళ్ళకంప కంచె కట్టుకుని, దానికో కంప తలుపు పెట్టుకుని, తమ బతుకేదో తాము బతికేవి. ఏటా ఎండలు ముదిరే ముందు మందకు ఒక పెద్దను ఎన్నుకునేవి. ఎక్కడ మేయాలి, ఎక్కడ నీళ్ళు తాగాలి, తలుపు ఎప్పుడు తీయాలి, అన్నిటికీ ఆ ఏడాదంతా పెద్ద మాటే మాట.

ఓటు పద్ధతి పాతకాలం మేకలు పెట్టిందే. బండ చాటున రెండు కుండలు పెడతారు, నిలబడ్డవాళ్ళకు తలా ఒకటి. ప్రతి మేకా ఒక జిల్లేడాకును ఎండు తొడిమ పట్టుకుని తెచ్చి, నచ్చిన కుండలో వేసి పోవాలి. జిల్లేడే ఎందుకంటారా? మేకన్నది కంపను తింటుంది, గోడ మీది కాగితాన్ని తింటుంది, ఆరేసిన చీర కొంగును కూడా వదలదు. జిల్లేడు జోలికి మాత్రం పోదు. దాని పాలు తగిలితే మూతి కాలిపోతుంది. ఓటును ఎవరూ మింగకుండా ఆలోచించి పెట్టిన ఏర్పాటది. కుండల కాపలాకేమో కొమ్ములు మొలవని పిల్లను కూర్చోబెడతారు. ఓటు లేని పిల్లకు పక్షమేముంటుందని. ఇక కుండలో మూతి పెట్టినవాళ్ళకు శిక్ష ఒక్కటే, కంచె బయటికి గెంటేయడం. కంచె బయట ఒంటరి మేక ఎన్నాళ్ళు బతుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ మందలో బొల్లక్క అని ఒక తల్లిమేక. నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్లటి మచ్చలు, పొడుగు చెవులు, వాటికంటే పొడుగు నాలుక. ఒకసారి గుట్ట కింది రోడ్డు మీద మైకు కట్టిన ఆటో తిరిగితే, అందులోంచి విసిరిన కరపత్రాలు కడుపునిండా తిని వచ్చింది. ఆనాటి నుంచి ప్రజాస్వామ్యం అన్న మాట దాని నోట్లో నానుతూనే ఉంది.

"నా పిల్లల్ని నేను కొమ్ముతో కుమ్మి పెంచనమ్మా," అనేది తోటి మేకలతో. "మా ఇంట్లో ఏదైనా ఓటే. ఇప్పట్నుంచే నేర్పితే రేపు మంచి మేకలవుతారు."

"పాలు మాన్పించడానిక్కూడా ఓటేనా వదినా?" అని ఎకసెక్కాలాడేవి అవి.

"నవ్వండి, నవ్వండి! రేపు ఈ మందకు దారి చూపేది నా పిల్లలే."

పిల్లలు ముగ్గురు. ముందు పుట్టిన జాజి ఆడపిల్ల, ఎర్రజాజు రంగులో ఉండేది, చెప్పింది చెప్పినట్టు చెవిలో వేసుకునే రకం. తరవాత గుండు, పేచీకోరు. ఆఖరివాడు బుడంకాయ. పుట్టడమే బక్కగా పుట్టాడు, కాళ్ళు పుల్లల్లా ఉండేవి. ఏం జరిగినా గంతులేసేవాడు. బొల్లక్క ప్రాణమంతా వాడి మీదే.

రోజూ పొద్దున్నే బొల్లక్క రెండు కుండపెంకులు ముందు పెట్టి, పిల్లలకు తలా ఒక రేగాకు ఇచ్చేది. చిన్న మూతులకు జిల్లేడెందుకు పాపమని రేగాకు.

"చూడండ్రా, ఎడమ పెంకంటే పైన రాళ్ళదిబ్బ. కుడి పెంకంటే కింద వేరుశనగ పీకిన చేను. ఇవాళ మేతకు ఎక్కడికి పోదాం? బాగా ఆలోచించి వేయండి."

పిల్లలకు ఆలోచనేముంటుంది? వేరుశనగ అనగానే నోరూరింది. ముగ్గురూ కుడి పెంకులోనే వేశారు. బొల్లక్క పెంకులకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆ చేనుకు కుక్కలు కాపలా.

"సరే, అందరూ అటు తిరిగి కళ్ళు మూసుకోండి. లెక్కపెట్టేటప్పుడు చూడకూడదు."

పిల్లలు తిరిగారు. వెనకనుంచి ఒక ఆకు ఎడమ పెంకులోకి జరిపిన అలికిడి, ఆపైన నములుతున్న చప్పుడు వినిపించాయి.

"అమ్మా, ఏం తింటున్నావే?" అంది జాజి.

"తినడమేంటే, నెమరేస్తున్నా. ఆఁ, ఇటు తిరగండి. ఎడమ పెంకు గెలిచింది! రాళ్ళదిబ్బకే పోదాం."

"నేను కుడికి వేశానే!" అని గుండు కాళ్ళు నేలకేసి కొట్టాడు.

"నువ్వొక్కడివి వేస్తే సరా? మిగతావాళ్ళ మాట వినొద్దూ? ఓటంటే అదేరా నాయనా."

బుడంకాయ మాత్రం "ఓటు! ఓటు!" అంటూ గంతులేశాడు. వాడికి రాళ్ళదిబ్బైనా ఒకటే, చేనైనా ఒకటే.

ఆ సాయంత్రం జాజి తల్లి పక్కన చేరింది. "అమ్మా, పొద్దున నేను కళ్ళు పూర్తిగా మూసుకోలేదు. నువ్వు మా ఆకులు తిన్నావు."

బొల్లక్క అటూ ఇటూ చూసింది. "ఒసేయ్, మెల్లగా! మీరు చిన్నపిల్లలు. నోరూరిందని వేశారు. కింద కుక్కలున్నాయి. తెలియనివాళ్ళు తప్పుగా వేస్తే, మంచి కోరేవాళ్ళు కాస్త సరిచేయాలమ్మా. అది దొంగతనం కాదు, ప్రేమ."

"మరి కుక్కలున్నాయి, పోవద్దని చెప్పొచ్చుగా?"

"అలా చెబితే ప్రజాస్వామ్యం ఎలా అవుతుందే పిచ్చిదానా!"

చూశారా తెలివి! వద్దు అనే హక్కు తల్లికి లేదా? నిక్షేపంలా ఉంది. ఇది మీ ఓటుకు పెట్టే సంగతి కాదర్రా అని ఒక్క మాటంటే పిల్లలు మూతి ముడుచుకునేవాళ్ళు, పొద్దు గూకేలోపు మరిచిపోయేవాళ్ళు. కానీ బొల్లక్కకు కుక్కలూ తప్పాలి, ఓటు పెట్టే తల్లినన్న పేరూ పోకూడదు. అందుకని రోజూ ఓటు పెట్టేది, రోజూ నమిలేది. జాజి ఇక అడగలేదు. అమ్మ నములుతున్నప్పుడు తమ్ముళ్ళు వెనక్కి చూడకుండా తనే అడ్డం నిలబడేది.

ఆ ఏడు ఎండలు దంచికొట్టాయి. గుట్ట మీది చెలమలో నీళ్ళు అడుగంటాయి. మేకలు వంతులవారీగా తలా నాలుగు గుక్కలు తాగి నోళ్ళు మూసుకునేవి. బుడంకాయ గంతులు మానేశాడు. వాడి నాలుక పిడచగట్టుకుపోతుంటే చూడలేక బొల్లక్క, "గుట్ట కింద పారే ఆ వాగు నీళ్ళు నా బిడ్డ చేత ఒక్కసారి కడుపారా తాగించగలిగితే చాలు దేవుడా," అని వాపోయింది. పక్కనే ఉన్న జాజి విన్నది.

పెద్దను ఎన్నుకునే రోజు దగ్గర పడింది. ఒకవైపు పాత పెద్ద కుంటవ్వ నిలబడింది. వయసులో ఉండగా వాగు ఒడ్డున నక్క పట్టుకుంటే వెనక్కాలు ఒకటి పోగొట్టుకుని బయటపడ్డ ముసలి మేక. రెండోవైపు గంటయ్య. మెడలో ఇత్తడి గంట, గాలికి ఊగే గడ్డం. ఆ గంట ఎక్కడ దొరికిందో, దాని చప్పుడుకు ఎవరు చెవులు రిక్కిస్తారో గంటయ్య ఏనాడూ ఆలోచించలేదు.

"తొలకరి దాకా ఓర్చుకుందాం," అంది కుంటవ్వ. "చెలమను ఇంకాస్త లోతుగా తవ్వుకుందాం. దాహంతో చావం, నేను చూసుకుంటా. వాగుకు మాత్రం పోవద్దు. తుంగ నిలువెత్తున ఉంది, అందులో ఏముందో కనపడదు."

గంటయ్య ఒకసారి తల విదిలించాడు. గంట గణగణమంది. "ముసలమ్మకు ఒక కాలు పోయింది కదాని మనందరం కుంటాలా? వాగు నిండా నీళ్ళు! గట్టు నిండా పచ్చిక! నా వెనక నడవండి చాలు!"

కుర్ర మేకలు ఈలలేశాయి. పిల్లల తల్లులు మాత్రం తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. వాళ్ళందరూ కుంటవ్వ వైపే ఉన్నారు, అవ్వకు ఎంతో కొంత మొగ్గు తప్పదని మందంతా అనుకుంది.

కుండల కాపలాకు ఎవరిని పెట్టాలన్న మాట రాగానే బొల్లక్క ముందుకు దూకింది. "మా జాజిని పెట్టండి! పుట్టినప్పట్నుంచీ ఓట్ల మధ్యే పెరిగింది. దీనికి తెలిసినంత ఓటు సంగతి మనలో ఎంతమందికి తెలుసు?"

"పెట్టండమ్మా," అంది కుంటవ్వ. "తల్లి పెంపకం మంచిది."

ఆ మాటకు బొల్లక్క పొంగిపోయింది.

ఓట్ల రోజు పొద్దున్నే మేకలు ఒక్కొక్కటిగా బండ చాటుకు వెళ్ళి వచ్చాయి. బొల్లక్క తన ఆకు కుంటవ్వ కుండలో వేసి, కాపలా కూర్చున్న కూతురి నెత్తి నాకి వచ్చింది. మధ్యాహ్నం మందంతా నీడలో పడుకుని నెమరు వేసుకుంది. ఎండ చల్లబడ్డాక కుండలు బోర్లించి, అలవాటుగా ఏ కుప్ప పెద్దదో మాత్రమే చూస్తే గంటయ్య ఆకులే ఎక్కువ.

గంట గణగణా మోగింది. కుర్ర మేకలు ఎగిరాయి. పిల్లల తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 'నేను అవ్వకే వేశాను, ఈవిడే మాట తప్పింది కాబోలు' అని ప్రతిదానికీ పక్కదాని మీద అనుమానం. కుంటవ్వ "సరే," అని పక్కకు జరిగింది.

బొల్లక్క బండ చాటుకు పరిగెత్తింది. జాజి కోసం వెతికితే, బండ వెనక మొహం దాచుకుని పడుకుని ఉంది. లేపి చూస్తే మూతంతా వాచిపోయింది. పెదవుల మీద బొబ్బలు. నోటి చివర తెల్లటి పాలు ఎండి అంటుకుని ఉన్నాయి.

"జాజీ! ఏం చేశావే?"

"సరిచేశానమ్మా," అంది జాజి, వాచిన నోటితో. ఆ కళ్ళల్లో ఎంత గర్వమో! "అవ్వ కుండలో ఎక్కువ పడ్డాయి. గంటయ్య కుండ కంటే తగ్గేదాకా తిన్నాను."

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం నక్కత్త కంచె అవతలికొచ్చి కూర్చుని ఏడ్చింది. బుడంకాయ నాలుక ఎండిపోతోందని ఏడ్చింది. 'మీ అమ్మ మనసులో ఏముందో నీకు తెలుసా కోడలా?' అనడిగింది. తెలుసన్నాను. వాగు నీళ్ళు తమ్ముడి చేత తాగించాలని నువ్వే కదా అన్నావు! 'మరి అవ్వ మీద గౌరవంతో పైకి అనలేకపోతోంది పాపం,' అంది. తరవాత మనింట్లో ఓటు తప్పుగా పడితే ఏం చేస్తారని అడిగింది."

బొల్లక్క ఇంకా దగ్గరికి జరిగింది. "నువ్వేమన్నావు?"

"మంచి కోరేవాళ్ళు సరిచేస్తారని చెప్పాను. 'మరి ఇవాళ కుండల దగ్గర ఉన్నది ఎవరమ్మా?' అని అడిగి వెళ్ళిపోయింది. తినమని మాత్రం అనలేదమ్మా. నేనే తిన్నాను." జాజి తల్లి పొట్టకు మొహం ఆనించింది. "నువ్వు తినేవి రేగాకులు, తియ్యగా ఉంటాయి. నేను తిన్నవి జిల్లేడాకులు. నోరంతా మంట పుట్టింది. అయినా తమ్ముడి కోసం తిన్నాను. నేను నీకంటే ఎక్కువ ప్రేమగా చేశాను కదూ?"

 బొల్లక్కకు కొడదామంటే కాలు లేవలేదు. మెచ్చుకుందామంటే నోరు రాలేదు. బిడ్డ మూతికి అంటిన పాలను తన నాలుకతో తుడిచింది. నాలుక భగ్గుమంది.

తెల్లవారగానే మంద బయలుదేరడానికి సిద్ధమైంది. బొల్లక్క అందరి ముందుకూ వచ్చి నిలబడింది. "ఆగండి. మళ్ళీ ఓటు వేద్దాం."

"ఎందుకు?" అన్నాడు గంటయ్య.

"ఎందుకంటే..." బొల్లక్క కళ్ళు జాజి మీద పడ్డాయి. వాచిన మూతిని గడ్డిలో దాచుకుని నిలబడి ఉంది పిల్ల. నిజం చెబితే ఇప్పుడే, ఇక్కడే, కంచె బయటికి గెంటేస్తారు. కంచె బయట నక్క కూర్చునే ఉంది. "ఎందుకో... లెక్క సరిగ్గా లేదనిపిస్తోంది."

"ఓడినవాళ్ళకు అలాగే అనిపిస్తుందమ్మా!" అని గంటయ్య గంట మోగించాడు. కుర్ర మేకలు నవ్వాయి.

కుంటవ్వ కుంటుకుంటూ దగ్గరికొచ్చింది. "బొల్లీ, నీకేమైనా తెలిస్తే చెప్పు. అందరి ముందూ చెప్పు."

బొల్లక్క తల తిప్పి చూసింది. ఒకవైపు మందంతా, ఇంకోవైపు జాజి. "ఏం లేదవ్వా," అంది.

"అయితే ఊరుకోవే. నాకు నచ్చలేదని కాదంటే ఇక ఓటెందుకు? వాళ్ళు వాగుకన్నారు, నేనూ నడుస్తాను." ముసలిది మూడు కాళ్ళతో, అందరికంటే వెనక, దిగుడుదారి పట్టింది. అవ్వ పక్కనే నడుస్తూ బొల్లక్క తల ఎత్తలేకపోయింది. నచ్చని ఓటుకు తల వంచడం తనింట్లో నాలుగు రేగాకుల విషయంలో తాను ఒక్కనాడూ చేయలేకపోయింది, అదే పనిని అవ్వ ప్రాణభయం పెట్టుకుని చేస్తోంది.

వాగు నిజంగానే నిండుగా ఉంది. గంటయ్య అబద్ధం చెప్పలేదు. బుడంకాయ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి పొట్ట ఉబ్బేదాకా తాగాడు. మళ్ళీ గంతులు మొదలెట్టాడు. "అమ్మా, ఓటు భలే మంచిదే!" అన్నాడు. జాజి తల్లి వంక చూసి నవ్వింది, పెదవులు పగిలి ఉన్నాయి కాబట్టి సగమే నవ్వింది. ఆ కాసేపు బొల్లక్కకూ ఆశ పుట్టింది, ఏమో, ఏమీ జరగదేమోనని.

గంటయ్య ఎటు కదిలితే అటు గంట మోగేది. మంద ఎక్కడ మేస్తోందో, ఎక్కడ పడుకుందో గుట్టలన్నిటికీ వినపడేది. నక్కకు వెతికే శ్రమ లేకుండా పోయింది.

ఒక సాయంత్రం మేకలు గట్టెక్కాక చూస్తే బుడంకాయ లేడు. బొల్లక్క గట్టంతా తిరిగింది. "బుడంకాయా! ఒరేయ్ నాన్నా!" అని గొంతు చించుకుంది. తుంగలో ఒకచోట గడ్డి నలిగి ఉంది. దాని పక్కన చిన్న గిట్టల గుర్తులు నీళ్ళ దాకా వచ్చాయి, మళ్ళీ వెనక్కి పోలేదు.

అవతలి ఒడ్డున నక్క కూర్చుని మూతి నాక్కుంటోంది.

"నా బిడ్డనేం చేశావే పాపిష్టిదానా!"

"నన్నంటావేం బొల్లక్కా?" అంది నక్క, తాపీగా. "నేను మీ కంచె దాటానా? మీ కుండ ముట్టానా? ఓటేసుకుని మీ అంతట మీరే వచ్చారు. నమ్మకపోతే మీ పెద్దమ్మాయినడుగు."

బొల్లక్క గంటయ్య దగ్గరికి పరిగెత్తింది. "వెనక్కి పోదాం గంటయ్య బావా, నీ కాళ్ళు మొక్కుతా."

"మందన్నాక ఒకటో అరో పోతూనే ఉంటాయమ్మా," అన్నాడు గంటయ్య. "ఏడాదికి నన్నెన్నుకున్నారు. ఏడాది దాకా ఇక్కడే."

కుంటవ్వ ఒక్కతే వచ్చి బొల్లక్క పక్కన పడుకుంది, ఏమీ అనకుండా. అనకపోవడమే బొల్లక్కకు ఎక్కువ నొప్పి. కొన్నాళ్ళకు అవ్వా కనపడకుండా పోయింది. మూడు కాళ్ళవాళ్ళు తుంగలో ఎంత దూరం పరిగెత్తగలరు?

జాజి తిండి మానేసింది. ఒకనాడు తల్లిని అడిగింది. "అమ్మా, నేను తప్పు చేశానా? నువ్వు చేసినట్టే చేశాను కదా. ఎక్కడ తప్పిపోయానో చెప్పవే."

"నువ్వు తప్పలేదమ్మా," అంది బొల్లక్క.

తొలకరి పడింది. గుట్ట మీద చెలమ నిండిందని పిట్టలు చెప్పుకున్నాయి. మంద మాత్రం వాగు దగ్గరే ఉంది, రోజురోజుకీ తరుగుతూ. కొమ్ములు మొలకెత్తుతున్న పిల్లలు వచ్చే ఏడు ఓటు వేస్తారు. ఆ ఓటైనా నిజంగా పడాలని బొల్లక్కకు ఒక్కటే ఆశ మిగిలింది. ఒక పొద్దున రెండు పెంకులు వెతికి తెచ్చి, మిగిలిన ఇద్దరి ముందూ పెట్టింది. ఈసారి రేగాకులు కాదు, జిల్లేడాకులు.

"గట్టు పైన మేద్దామా, కింద మేద్దామా? మీ ఇష్టం. ఇవాళ నేను ముట్టుకోను. ఒట్టు."

గుండు తన ఆకు వంక కూడా చూడలేదు. అలవాటుగా అటు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇటు తిరగరా నాన్నా. లెక్క నువ్వే పెట్టు."

"ఎందుకమ్మా? నీకేది కావాలో చెప్పు, అదే గెలిచిందనుకుందాం."

బొల్లక్క జాజి వైపు చూసింది. నువ్వైనా వెయ్యవే తల్లీ అన్నట్టు చూసింది. జాజి ఆకును తొడిమతో పట్టుకుని లేచింది, పెంకుల దాకా వచ్చింది. రెండు పెంకుల వంకా చూసింది. ఆ తరవాత తల్లి మొహం చూస్తూ, మచ్చలు పడ్డ పెదవుల మధ్య ఆ ఆకును నోట్లో పెట్టుకుని నమిలేసింది.

పిల్లలున్న ఇళ్ళకు ఈ కథ మిగిల్చిన మాట ఇదీ: ఇంట్లో పిల్లల ఓటును ప్రేమతోనైనా మింగిన తల్లి, ఊరి ఓటును మింగడమే వాళ్ళకు నేర్పుతుంది.